అంగడిలో కొన్న విత్తనంతో బతుకమ్మ నాటికి పూలు పెంచడం ఎలా?

ఏటా వినాయక చవితి దాటగానే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అక్కా, రైతు దగ్గర బంతి గింజలు తెచ్చి పోసిన. మొక్క జానెడు లేచింది, మొగ్గ మాత్రం లేదు. ఎంగిలిపూల నాటికి పూస్తదా?" పూయదు. అప్పుడు ఏ మందు కొట్టినా, ఏ ఎరువు వేసినా పూయదు. తప్పు జూలైలోనే జరిగిపోయి ఉంటుంది. కొన్నిసార్లు ఇంకా ముందే, గింజ కొన్ననాడే జరుగుతుంది.

చిన్న రైతుల దగ్గర, వారం అంగడిలో పొట్లం కట్టి ఇచ్చే గింజలతో కాడతో సహా కోసుకునే పూలు పెంచాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు, కరీంనగర్ వైపు వానలకు, నేలలకు సరిపోయే లెక్క ఇది. పెరట్లో రెండు మడులు ఉన్నా చాలు. మిద్దె మీద కుండీల్లో పెంచేవాళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెప్తాను.

ఏవి గింజతో వస్తాయి, ఏవి రావు

బంతి, సీతజడ (పట్టుకుచ్చు అన్నా, కోడిజుట్టు అన్నా ఇదే), గునుగు, పొగడబంతి, జీనియా. ఈ ఐదూ గింజతో సులువుగా వస్తాయి, మన వానాకాలానికి తట్టుకుంటాయి.

జడలో పెట్టుకునే చామంతిని పిలకలతో పెంచుతారు. లిల్లీని గడ్డలతో పెంచుతారు. ఆ రెండింటికీ గింజల పొట్లం కోసం తిరగకండి. తంగేడు గింజ దొరుకుతుంది కానీ పొట్టు రాయిలా ఉంటుంది, మొక్క పొదై పూతకు రావడానికి ఒక వానాకాలం చాలదు. ఈ పండుగకు తంగేడు కావాలంటే గుట్ట ఎక్కాల్సిందే.

కావలసినవి

పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న మడులు రెండు ఉన్నాయనుకుందాం. ఒకటి బంతికి, ఒకటి సీతజడకు. మిగతావి గట్ల మీద, మూలల్లో సర్దుకోవచ్చు.

- బంతి గింజలు అరవై. గ్రాము బంతికి దాదాపు మూడు వందల గింజలు వస్తాయి. అంటే మీకు కావలసింది చిటికెడే. గుప్పెడు కొని సగం పారేసేవాళ్లే ఎక్కువ.
- సీతజడ గింజలు పావు చెంచా. ఆవగింజ కంటే చిన్నవి, లెక్కపెట్టలేరు.
- మడికి రెండు తట్టల చొప్పున బాగా చివికిన పశువుల పెంట, కిలో వేపపిండి.
- ఒక బకెట్ వాగు ఇసుక. దీని అవసరం ఏమిటో నారుమడి దగ్గర చెప్తాను.
- మూతకు సన్న చిల్లులు పెట్టిన నీళ్ల సీసా, పాత నూలు గుడ్డ, పదునైన కత్తెర, రెండు శుభ్రమైన బకెట్లు.
- మొక్కలకు ఊతంగా వెదురు బద్దలు లేదా కంది కట్టెలు.
- తేదీలు రాసుకోవడానికి ఒక పెన్ను. దీన్నే అందరూ మరిచిపోతారు.

1. పండుగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

పత్తికి, మొక్కజొన్నకు "మిరుగం పడ్డది, ఇత్తనం ఏసినం" అంటే సరిపోతుంది. పండుగ పూలకు అది నడవదు. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్యకు వస్తుంది, ఆ అమావాస్య ఏటా జరుగుతుంది. 2024లో అది అక్టోబర్ 2. 2025లో సెప్టెంబర్ 21. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో అక్టోబర్ 10. ఒక్క ఏడాదిలో పందొమ్మిది రోజుల తేడా! "పోయినేడు ఇదే రోజు పోసిన, మంచిగ పూసింది" అని మళ్లీ అదే తేదీకి పోస్తే దెబ్బతినేది ఇక్కడే.

గింజ పోసిన నాటి నుంచి నిండుగా పూసేదాకా మా మడుల్లో పట్టిన రోజులు ఇవి:

- జీనియా: దాదాపు 60
- బంతి: తల తుంచకపోతే 65 నుంచి 70, తుంచితే 80 నుంచి 85
- పొగడబంతి: 85 నుంచి 90
- సీతజడ: 90 నుంచి 100

అక్టోబర్ 10 నుంచి 85 రోజులు వెనక్కి పోతే జూలై 17. ఆ ఏడు తల తుంచే బంతికి గింజ పోసే రోజు అదే. ముసురు పట్టి ఎండ లేకపోతే ఎదుగుదల ఆగుతుంది కాబట్టి నేను ఒక వారం ముందుకు జరిపి జూలై 10 అనుకుంటాను. సీతజడకైతే జూలై మొదటి వారం, జీనియాకు ఆగస్టు 10 ప్రాంతం. మీ ఏడాది అమావాస్య ఎప్పుడో క్యాలెండర్‌లో చూసి ఇదే విధంగా లెక్క కట్టుకోండి.

గునుగుకు ఈ లెక్క వర్తించదు. పొద్దు తగ్గుతున్న కొద్దీ అది పూతకు వస్తుంది. జూన్‌లో చల్లినా జూలైలో చల్లినా పూత దాదాపు ఒకే కాలంలో పడుతుంది. ఆలస్యంగా చల్లింది పొట్టిగా ఉండిపోతుంది, అంతే.

గింజంతా ఒకే రోజు పోయకండి. సగం లెక్క ప్రకారం, సగం పది రోజుల తర్వాత. సద్దుల బతుకమ్మ తొమ్మిదో నాడు వస్తుంది, ఎక్కువ పూలు కావలసిందీ ఆ రోజే. రెండో విడత దానికి పనికొస్తుంది. మీ ఊళ్లో ఏడో నాడే సద్దులు చేస్తే రెండు విడతల మధ్య వారం చాలు.

తొందరపడటమూ తప్పే. జూన్ మొదట్లో పోసిన బంతి ఆగస్టు చివరికే విరగబూస్తుంది. పండుగ వచ్చేసరికి మొక్క అలసిపోయి రూపాయి బిళ్లంత పూలు ఇస్తుంది.

2. గింజ కంటే ముందు తల్లి మొక్కను చూడండి

చిన్న రైతు దగ్గర కొనడంలో లాభం ఏమిటంటే, ఆ మొక్క మీ కళ్ల ముందు ఉంటుంది. పొట్లం మీద బొమ్మ చూసి నమ్మాల్సిన పని లేదు. కానీ మనవాళ్లు వెళ్లేది జూన్‌లో, మొక్క లేనప్పుడు. దసరా ముందు పూలు అమ్మడానికి వచ్చిన రైతును మాటలో పెట్టండి, చేను ఎక్కడో కనుక్కోండి, పూత మీద ఉండగా ఒకసారి పోయి చూడండి. గింజ తీసుకునేది దీపావళి తర్వాత, పూలు చెట్టు మీదే ఎండాక.

అడగవలసినవి నాలుగే.

*ఇది ఏ ఏటి గింజ?* పోయిన పంటదైతే మంచిది. అంతకు ముందుదైతే మొలక పరీక్ష చేయకుండా కొనకండి.

*మొదట మీరు గింజ పోశారా, నారు కొని తెచ్చారా?* నర్సరీ నుంచి నారు తెచ్చి పెట్టిన పెద్ద బంతి చాలావరకు హైబ్రిడ్. దాని గింజ పోస్తే తల్లి పోలిక రాదు. కొన్ని నిండు రేకలతో, కొన్ని ఒంటి రేకతో, కొన్ని పొట్టిగా, కొన్ని పొడుగ్గా, ఏది ఎలా వస్తుందో చెప్పలేం. కొన్ని రకాలను కొమ్మ అంట్లతోనే పెంచుతారు, వాటికి గింజే సరిగా పట్టదు. ఏళ్ల తరబడి ఇంటి గింజే పోస్తున్నామనే రైతు దగ్గర తీసుకోండి. పూసా నారంగి గెందా లాంటి హైబ్రిడ్ కాని రకం గింజ అయినా ఫర్వాలేదు.

*పక్కన ఇంకో రంగు ఉందా?* బంతిని తేనెటీగలు కలిపేస్తాయి. పసుపు, ముద్ద నారింజ పక్కపక్కనే ఉంటే గింజలో రెండూ కలిసే ఉంటాయి. బతుకమ్మ వరుసలకు ఒకే రంగు కావాలనుకునేవాళ్లు ఇది తప్పక అడగాలి. సీతజడకూ ఇదే వర్తిస్తుంది.

*ఎండిన పువ్వులే ఇస్తారా?* నా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యం. రాలగొట్టిన గింజ కంటే ఎండిన బంతి పువ్వు తీసుకోవడం మేలు. పువ్వు ఎంత లావుదో, రేకలు ఎన్నో, బూజు పట్టిందో లేదో కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి పువ్వు అడుగున ఉన్న తొట్టిని చీల్చండి. లోపల అగ్గిపుల్ల సగం పొడవున గింజలు ఒత్తుగా పేర్చినట్టు ఉంటాయి, కింద సగం నలుపు, పైన గడ్డిరంగు తోక. నల్ల భాగాన్ని గోటితో నొక్కండి. గట్టిగా నిలబడితే లోపల పప్పు ఉంది. వంగి మెత్తగా పోతే తాలు.

గునుగు గింజ డబ్బులిచ్చి కొనాల్సిన పని ఉండదు. "మా చేన్ల కలుపుకు పైసలేంది?" అని నవ్వుతారు. పత్తి చేలల్లో కలుపు మందులు పెరిగాక అది కూడా వెతికితే గాని దొరకడం లేదు. తెచ్చాక ఎదుటివాళ్ల చేలో మాత్రం రాల్చకండి, ఏళ్ల తరబడి లేస్తూనే ఉంటుంది, తిట్లు మీకు.

ఇలా అమ్మడం రైతుకు నేరమా అని కూడా కొందరు అడుగుతారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో ప్యాక్ చేసి అమ్మకూడదు, అంతే.

3. మొలక పరీక్ష చేయండి

దీన్ని వదిలేసే వాళ్లు వందకు తొంభై మంది ఉంటారు. నేనూ వదిలేశాను, ఆ కథ కూడా చెప్తాను.

ఇరవై గింజలు లెక్కపెట్టండి. నూలు గుడ్డను తడిపి, నీళ్లు కారనంతగా పిండండి. గింజలు పరిచి చుట్ట చుట్టి, గాలి కొద్దిగా ఆడే డబ్బాలో పెట్టి వంటింట్లో ఒక మూలన ఉంచండి. రోజూ ఒకసారి విప్పి చూడండి, గుడ్డ ఆరితే నాలుగు చుక్కలు చల్లండి. బంతి, జీనియా నాలుగైదు రోజుల్లో తెల్లటి వేరు చాపుతాయి. సీతజడకు వారం, పొగడబంతికి పది నుంచి పద్నాలుగు రోజులు పట్టవచ్చు. పొగడబంతి గింజ మీద దూది లాంటి పొర ఉంటుంది, పరీక్షకైనా పోయడానికైనా దాన్ని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి.

ఇరవైలో పదహారు పైన మొలిస్తే మంచి గింజ. పది, పన్నెండు మొలిస్తే రెట్టింపు పోయండి. అయిదారు మాత్రమే వస్తే ఆ పొట్లం పక్కన పెట్టి వేరేది చూసుకోండి. పరీక్ష గింజ పోసే రోజుకు కనీసం ఇరవై రోజుల ముందు జరగాలి, లేకపోతే వేరే గింజ తెచ్చుకునే టైం ఉండదు.

ఇక నా కథ. ఒక ఏడు అంగడిలో సీతజడ అని పొట్లం కొన్నాను. సన్నగా, నల్లగా, నిగనిగలాడే గింజలు. చక్కగా మొలిచాయి. నారు తీసి యాభై మొక్కలు నాటాను. నెల దాటాక పక్కింటి అవ్వ గోడ మీంచి చూసి, "ఇది సీతజడ ఏంది బిడ్డా, కోసి పప్పుల ఏసుకో" అంది. తోటకూర! రెండూ ఒకే కుటుంబం మొక్కలు, గింజలు ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునేట్టుగా ఉంటాయి. అమ్మినామె మోసం చేసిందని నేను అనుకోను, ఇంట్లో పొట్లాలు మారిపోయి ఉంటాయి. గుర్తుపట్టే తీరు ఇది: మొదటి రెండు రెమ్మల ఆకులు వచ్చాక ఆకు కొసను చూడండి. తోటకూర లేత ఆకు కొసన చిన్న నొక్కు ఉంటుంది, గోటితో గిల్లినట్టు. సీతజడ ఆకు కొస సూదిగా ఉంటుంది. మొలక పరీక్షలో వచ్చిన మొలకలను పారేయకుండా నాలుగింటిని చిన్న కప్పులో పెంచితే ఈ సంగతి నాటకముందే బయటపడుతుంది.

4. నారుమడి

మన దగ్గర ఎర్ర చెలక ఎక్కువ. దాని గుణం తెలియక గింజ మంచిదైనా మొలవలేదనుకుంటారు. చెలక మీద వాన దంచి కొట్టి, వెంటనే ఎండ కాస్తే పైన అప్పడంలా గట్టి పొర కడుతుంది. బంతి మొలక దాన్ని చీల్చలేక లోపలే వంకర తిరిగి చస్తుంది. అందుకే ఇసుక అన్నాను. గింజ మీద మట్టి కప్పకుండా ఇసుకా, జల్లించిన పెంటా సగం సగం కలిపి పలచగా కప్పండి. పొర కట్టదు. నల్ల రేగడిలో ఇబ్బంది వేరు, నీళ్లు నిలిచి గింజ కుళ్లుతుంది. అక్కడ మడిని జానెడు ఎత్తు చేయండి.

బంతి, పొగడబంతి గింజలను అరసెంటీమీటరు లోతున, వేలెడు ఎడంతో వరుసల్లో పోయండి. సీతజడ, గునుగు గింజలకు వెలుతురు తగలాలి. వాటిని పూడ్చకండి, ఇసుకలో కలిపి పైన చల్లి అరచేత్తో అదిమితే చాలు. జీనియాకు నారు అక్కర్లేదు, పెరిగే చోటే నేరుగా గుంతకు రెండు గింజలు వేసి, మొలిచాక ఒకటి పీకేయండి.

పోసిన రోజే చీమలు వస్తాయి. ముఖ్యంగా బంతి గింజను ఒక్కొక్కటీ మోసుకుపోతాయి. మడి చుట్టూ బూడిద గీత గీయండి, వాన పడ్డాక మళ్లీ గీయాలి. మూడు రోజులు వరిగడ్డి పలచగా కప్పి, మొలక కనిపించగానే సాయంత్రం పూట తీసేయండి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు గడ్డి కింద దారంలా సాగి పడిపోతాయి. కోళ్లున్న ఇంట్లో నెట్ తప్పదు. కోతులు బంతిని తినవు గానీ పీకి చూసి పారేస్తాయి, దానికి నా దగ్గర మందు లేదు, నెట్టే.

నీళ్లు పొద్దున ఒక్కసారి. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలిచి నారుకుళ్లు వస్తుంది. నిన్న నిటారుగా ఉన్న మొక్క పొద్దున్నే నేల మీద వాలి, మొదలు దగ్గర నీళ్లలో నానిన దారంలా సన్నబడి కనిపిస్తే అదే. వాలిన వాటిని మట్టితో సహా తీసేయండి, నీళ్లు తగ్గించండి, లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. మందు వద్దనుకుంటే ముందే పెంటలో ట్రైకోడెర్మా (కుళ్లును అడ్డుకునే మేలు బూజు పొడి) కలిపి వారం మాగబెట్టి మడికి వేసుకోవాలి. కుళ్లు మొదలయ్యాక అది పెద్దగా ఆపదు.

మిద్దె మీద పెంచేవాళ్లు కొబ్బరిపొట్టు నింపిన ప్రోట్రేలు (నారు పోసే గుంతల ట్రేలు) వాడుకోండి. పొర, చీమల బాధ తగ్గుతుంది. కానీ అది త్వరగా ఆరుతుంది కాబట్టి మధ్యాహ్నం ఒకసారి వేలు పెట్టి చూడాలి.

5. నాటడం

నారుకు ఇరవై నుంచి ఇరవై ఐదు రోజులు నిండి, నాలుగైదు ఆకులు ఉంటే నాటొచ్చు. ముదిరిన నారు నాటకండి. నారుమడిలోనే మొగ్గ వేసిన సీతజడ మొక్కను నాటితే అది ఇక పెరగదు, జానెడు ఎత్తులోనే బొటనవేలంత జుట్టు వేసి ఆగిపోతుంది.

బంతికి మొక్కకు మొక్కకు మూరకు కొద్దిగా తక్కువ, అంటే నలభై సెంటీమీటర్లు. మన మడిలో మూడు వరుసలు, ఇరవై నాలుగు మొక్కలు పడతాయి. సీతజడకు ఇరవై ఐదు సెంటీమీటర్లు చాలు. కాస్త దగ్గరగా ఉంటేనే కాడ పొడుగ్గా, నిటారుగా వస్తుంది. పెద్ద జుట్టు కావాలంటే దూరం పెంచండి, కాడ పొట్టిదవుతుంది.

మొగులు పట్టిన రోజు లేదా సాయంత్రం నాటండి. బంతిని మొదటి ఆకుల దాకా లోతుగా పెట్టొచ్చు, కాండం నుంచి కొత్త వేర్లు వేస్తుంది. సీతజడను మాత్రం నారుమడిలో ఎంత లోతు ఉందో అంతే. వేరు కదలకుండా మట్టి ముద్దతో ఎత్తాలి.

ఒక సంగతి ఎవరూ పట్టించుకోరు. వీధి లైటు వెలుగు రాత్రంతా పడే చోట సీతజడ, గునుగు నాటకండి. ఇవి రాత్రి పొడవును బట్టి పూతకు వస్తాయి. చామంతికీ ఇంతే. మా వాడలో ఒకే నారు, ఒకే రోజు నాటిన మొక్కలు గోడకు ఇటు పూసి, లైటు కింద ఆకులతోనే నిలబడ్డాయి.

6. తల తుంచడం

ఎక్కువ మందికి చేయి రానిది ఇక్కడే. "మంచిగ పెరుగుతున్న చెట్టును ఎందుకు తుంచాలె?" అంటారు. తుంచకపోతే మధ్యలో ఒక్క కాడ నిలబడి ఒక పెద్ద పువ్వు పూస్తుంది, పక్క కొమ్మలు పొట్టిగా, ఆలస్యంగా వస్తాయి. తుంచితే ఆరేడు కాడలు ఒకే ఎత్తులో లేస్తాయి.

నాటిన ఇరవై రోజులకు మొక్క జానెడున్నర ఉంటుంది. కింద నుంచి నాలుగు జతల ఆకులు లెక్కపెట్టి, ఐదో జత పైన లేత కొసను బొటనవేలు, చూపుడువేలు గోళ్ల మధ్య పట్టి గిల్లండి. టక్కున తెగాలి. నారలా సాగితే ఆలస్యమైనట్టు, కత్తెర వాడండి. పది రోజుల్లో ప్రతి ఆకు చంకలో చిగురు కనిపిస్తుంది. కనిపించకపోతే మొక్కకు నీళ్లో ఎండో చాలడం లేదు.

బంతి, జీనియా, పొగడబంతిని తుంచాలి. సీతజడను తుంచకండి. జుట్టు వేసే కొస అదే, తుంచితే నాలుగు చిన్న చిన్న కుచ్చులు వస్తాయి. పండుగకు నలభై రోజుల కంటే తక్కువ ఉంటే దేన్నీ తుంచకండి, వచ్చిన పువ్వే లాభం.

7. ఎరువు, నీళ్లు, పురుగు

నాటేముందు వేసిన పెంట, వేపపిండి చాలావరకు సరిపోతాయి. యూరియా గుప్పెడు విసరడం అలవాటున్న చేతులకు చెప్తున్నా, బంతికి అది ఎక్కువైతే నడుము దాకా నల్లపచ్చగా పెరుగుతుంది, పూలు రావు, గాలికి పడిపోతుంది. తల తుంచాక ఒకసారి మొదళ్ల దగ్గర ఇంకో దోసెడు పెంట వేయండి.

సెప్టెంబర్ వానలకు ముందే ఊతం కట్టాలి. పడ్డ కాడ మళ్లీ లేచినా కొస వంకర తిరుగుతుంది, ఇక అది బతుకమ్మ మీద వరుసలో నిలవదు. మడి నాలుగు మూలలా కట్టెలు పాతి, మోకాలి ఎత్తులో తాడు అటూ ఇటూ లాగితే చాలు.

మొగ్గకు గుండ్రటి చిల్లు కనిపిస్తే లోపల పురుగు ఉంటుంది, ఆ మొగ్గ తుంచి నలిపేయండి. ఆకు అడుగున సన్న గూడు, ఆకు మీద పసుపు చుక్కలు ఉంటే ఎర్రనల్లి, అది నీళ్లు చాలని మొక్కకు ఎక్కువ. గట్టిగా నీళ్లు చిమ్మి, లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టండి. పండుగకు పదిహేను రోజుల ముందు నుంచి రసాయన మందులు వద్దు. ఆ పూలను పిల్లలు ఒళ్లో పోసుకుని పేరుస్తారు, చివరికి అవి చేరేది చెరువులోకి.

8. కోత

పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయండి. కుదరకపోతే పొద్దుగూకాక. మధ్యాహ్నం కోసిన పువ్వు బకెట్‌లో పెట్టినా తల వేలాడేస్తుంది.

పక్వం చూసే తీరు పువ్వుకొకటి. బంతి మూడొంతుల్లో రెండొంతులు విచ్చుకున్నాక కోయాలి. మొగ్గ మీద కోస్తే నీళ్లలో విచ్చుకోదు. జీనియాకు కాడ పరీక్ష ఉంది: పువ్వుకు జానెడు కింద పట్టుకుని మెల్లగా ఊపండి. మెడ వంగి పువ్వు అటూ ఇటూ ఊగితే ఇంకా రెండు రోజులు ఆగాలి. కర్రలా నిలబడితే కోయండి. సీతజడ జుట్టు పూర్తిగా ముడతలు పడి గట్టిపడ్డాక, కింద గింజలు నల్లబడకముందు. వేలితో రాస్తే నల్ల గింజలు రాలితే కోతకు ఆలస్యమైంది, దాన్ని విత్తనానికి వదిలేయండి. గునుగు కింద సగం తెల్లగా, కొస ఇంకా గులాబీ రంగులో ఉన్నప్పుడు బాగుంటుంది. రంగు అద్దడానికి అయితే ఇంకొంచెం తెల్లబడనివ్వండి. సమంగా కత్తిరించి చిన్న కట్టలు కట్టి, తలలు రంగు నీళ్లలో ముంచి దులిపి, నీడలో తలకిందులుగా ఆరబెడితే రంగు కారదు.

కోసిన వెంటనే కాడను నీళ్లలో పెట్టండి, చేను నుంచి ఇంటికి వచ్చాక కాదు. బకెట్ మీరు తాగే చెంబంత శుభ్రంగా ఉండాలి. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయాలి. బంతి ఆకు నీళ్లలో ఒక్క రాత్రిలో కుళ్లి వాసన కొడుతుంది, ఆ మురుగు కాడలోకి ఎక్కే నీటిని ఆపుతుంది. రోజూ నీళ్లు మార్చి, కాడ చివర వేలి మందం ఏటవాలుగా కోయండి. చక్కెర వేస్తే నిలుస్తాయని వింటారు, చక్కెర ఒక్కటే వేస్తే నీళ్లు ఇంకా త్వరగా చెడతాయి. జీనియాను ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి రేకలు నల్లబడతాయి. సీతజడ, పొగడబంతి మిగిలితే తలకిందులుగా వేలాడదీయండి, ఎండి నెలల తరబడి రంగుతో ఉంటాయి.

9. వచ్చే ఏటికి గింజ

పండుగ హడావుడిలో అన్నీ కోసేసి, తర్వాత గింజ లేదని మళ్లీ అంగడికి పోతారు. పూత మొదలవగానే రెండు మూడు మంచి మొక్కలకు ఎర్ర దారం కట్టి ఇంట్లో అందరికీ చెప్పండి, వాటి జోలికి పోవద్దని. ఒంటి రేక మొక్కలు వస్తే పూత విచ్చుకున్న రోజే పీకేయండి. ఉంచితే వాటి పుప్పొడి మిగతా గింజను చెడగొడుతుంది.

పువ్వు చెట్టు మీదే గోధుమరంగుకు వచ్చి, కాడ పచ్చదనం పోయాక కోయండి. వాన వచ్చేలా ఉంటే కాస్త ముందే కోసి నీడన వేలాడదీయండి, తడిసిన బంతి తల లోపలే బూజు పడుతుంది. సీతజడను కాగితం సంచిలో తలకిందులుగా పెట్టి తట్టితే గింజలు వాటంతటవే రాలతాయి.

వారం నీడలో ఆరబెట్టాక బంతి గింజను వంచి చూడండి. విరిగితే ఆరింది, వంగితే ఇంకా తేమ ఉంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది, అందుకే ఇక్కడ తొందర వద్దు. గాజు సీసాలో, వేయించి చల్లార్చిన బియ్యం చిన్న గుడ్డ మూట కట్టి పక్కన పెట్టి, మూత బిగించండి. ఫ్రిజ్ కింది అరలో ఉంచితే మరీ మంచిది. బయటికి తీశాక సీసా మామూలు వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే గాలిలో తడి గింజల మీద చెమటలా పడుతుంది.

సీసా మీద మూడు సంగతులు రాయండి: పువ్వు పేరు, రంగు, గింజ తీసిన నెల. మీరు పోసిన తేదీ, మొదటి పువ్వు వచ్చిన తేదీ కూడా ఒక చీటీ మీద రాసి అందులోనే వేయండి. నేను ఇచ్చిన రోజుల లెక్క మా మడులది. వచ్చే జూలైలో మీరు వెనక్కి లెక్కపెట్టాల్సింది ఆ చీటీ చూసి.